ఆదరవు లేదని రాసిన కాగితం

ఈసారి తిరుత్తణి ట్రెజరీ ఆఫీసుకు పింఛను మస్టరింగుకు పోయినప్పుడు వేలిముద్ర మిషను నన్ను గుర్తుపట్టలేదు. కుడి బొటనవేలు అయింది, ఎడమ బొటనవేలు అయింది, చూపుడువేళ్ళూ అయ్యాయి. ముప్పై ఏళ్ళకు పైగా గవర్నమెంటుకు చాకిరీ చేసినదాన్ని, బతికే ఉన్నానని చెప్పుకోవడానికి ఒక్క వేలూ పనికిరాకుండా పోయింది. "వయసైతే గీతలు అరిగిపోతాయి పాటీ" అని అరవంలో అవ్వను పిలిచినట్టు పిలిచి, సీట్లో ఉన్న అమ్మాయి సొరుగులోంచి పాత స్టాంపు ప్యాడ్ తీసి మూత తెరిచింది. ఊదారంగు సిరా వాసన గుప్పున వచ్చింది. నేను కళ్ళజోడు పెట్టుకునేలోగానే ఆ పిల్ల నా బొటనవేలు పట్టుకుని ప్యాడ్‌కు అదిమి, కాగితం మీద ఒత్తేసింది. "ఇందులో ఏం రాసుందమ్మా?" అని అడిగాను. "ఏదో ఫారం పాటీ, అందరికీ ఇదే" అంది. నాకు కోపం రావలసింది. రాలేదు. ఎందుకంటే ఒకప్పుడు నేనూ సరిగ్గా ఇలాగే ఒకామె వేలు పట్టుకున్నాను. అందుకు నాకు బుద్ధి చెప్పిన మనిషి విశాలాక్షి గారు.

ఆమె మా పళ్ళిపట్టు బ్లాకుకు ముఖ్యసేవికగా వచ్చేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. ముఖ్యసేవిక అంటే ఆడవాళ్ళకూ పిల్లలకూ గవర్నమెంటు ఇచ్చే వాటన్నిటికీ బ్లాకులో పెద్ద. ఊరూరా ఉండే మాదర్ సంఘాలు అనే ఆడవాళ్ళ సంఘాలు, బాల్వాడీలు, కుట్టుమిషన్ల దరఖాస్తులు, అన్నీ ఆమె చేతిమీదుగా పోవాలి. నాలాంటి గ్రామసేవికలు ఆమె కింద పనిచేసేవాళ్ళం. ఆమెది తంజావూరు పక్క. అప్పటికి తెలుగు ఒక్క ముక్క రాదు. మా బ్లాకులో సగం పల్లెల్లో ఆడవాళ్ళకు అరవం సంతలో బేరమాడేంతవరకే వచ్చు. నాకేమో రెండూ వచ్చు. పొదటూరుపేటలో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడి, బళ్ళో అరవం చదువుకున్నదాన్ని. నేను లేకపోతే ఈ అమ్మకు అడుగు పడదని లోలోపల గర్వంగా ఉండేది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, చాలా గర్వం.

విశాలాక్షి గారికి ఒక పిచ్చి ఉండేది. కనబడిన ప్రతిదాన్నీ అడిగేది. ఈ పొయ్యికి మూడో రాయి ఎందుకు చిన్నది, ఈ ఊరి ముగ్గులో ఎర్రమన్ను ఎందుకు కలుపుతారు, చిన్నత్తను ఏమని పిలుస్తారు, పెద్దత్తను ఏమని పిలుస్తారు. విన్నదంతా ఒక రూళ్ళ నోటుబుక్కులో రాసుకునేది. పథకం మాట ఎత్తేసరికి అరగంట దాటేది. అవతల తిరుత్తణి బస్సు తప్పిపోతుందేమోనని నా ప్రాణం కొట్టుకునేది. "మేడం, ఫారం నింపేసి పోదాం" అంటే, "పోదాం సరోజా, ఇదొక్కటి" అనేది. ఆమె మాటలన్నీ అరవంలోనే. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

వచ్చిన కొత్తల్లో ఒక ఊళ్ళో బాల్వాడీ పెట్టడానికి సంఘం ఆడవాళ్ళను కూర్చోబెట్టాం. ఎవరి వీధిలో పెట్టాలో వాళ్ళు తేల్చుకోలేకపోతున్నారు. ఈమె నవ్వుతూ, "అవసరం ఇల్లై, యోసిచ్చు సొల్లుంగ" అంది. వినగానే ముందు వరుసలో కూర్చున్న పెద్దావిడ కొంగు దులుపుకుని లేచింది. "పదండే, మనకు అవసరం లేదంట. ఇంత దూరం వొచ్చి యీ మాట జెప్పేదానికి పిలిపించిందా యీయమ్మ?" అంది. వెనకాలే అందరూ లేచారు. అరవంలో అవసరమంటే తొందర. తొందరేమీ లేదు, ఆలోచించి చెప్పండి అని ఈమె అంటే, మీకు బాల్వాడీ అక్కర్లేదని వాళ్ళు విన్నారు. నాకు నవ్వు ఆగలేదు. విశాలాక్షి గారు మాత్రం విషయం తెలియగానే చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరిదాకా పరుగెత్తి వాళ్ళను వెనక్కి తీసుకొచ్చింది. తిరుగు బస్సులో ఆమె మొహం వెలిగిపోతున్నది. "ఒకటే మాట సరోజా. మాకు తొందర, మీకు కావలసినది. ఈ రెంటి మధ్యలో పడి ఇన్నేళ్ళలో ఎంతమంది ఏమేమి పోగొట్టుకున్నారో!" అంది. ఇందులో అంత సంబరపడాల్సింది ఏముందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

సత్తుణవు పథకం మొదలైన ఏడు మాకు ఊపిరాడలేదు. బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టే పథకం అది. ఊరూరా వంటమనిషి కావాలి, ఆయా కావాలి. మొగుడు పోయి దిక్కులేని ఆడవాళ్ళకు ఆ పనులు ముందు ఇవ్వాలని చెప్పారు. ఫారంలో ఆ మాట అరవంలో అచ్చువేసి ఉండేది: ఆదరవట్ర విదవై. సరిహద్దు పక్క ఒక పల్లెకు నేనొక్కదాన్నే పోయాను. ఊరి పేరు చెప్పను, ఆ ఇంటివాళ్ళు ఇంకా ఉన్నారు. రాజమ్మ అనే ఆమె దరఖాస్తు పెట్టింది. ముప్పై ఏళ్ళుంటాయి. మొగుడు పోయాక ఇద్దరు పిల్లలతో అన్నగారింట్లో ఉంటున్నది. నేను ఫారం గడగడా చదువుతూ, "ఆదరవు లేదని రాస్తా వుండానక్కా" అన్నాను.

"ఆదరువు ల్యాకేమి మే?" అంది రాజమ్మ ఆశ్చర్యంగా. "నిన్న గూడా పులగూర జేసినాం. మా వొదిన చింతకాయ తొక్కు నూరింది."

మా పక్క ఆదరువంటే అన్నంలోకి కలుపుకునే కూరో, పచ్చడో. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. ఇంకా మూడిళ్ళు తిరగాలి. "అది గాదులేక్కా, గవర్మెంటు మాట. నువ్వు యెయ్యి" అని ఆమె బొటనవేలు ప్యాడ్‌కు అద్ది ఒత్తేశాను.

వారం తిరక్కుండా పంచాయతీ ఆఫీసు గోడకు దరఖాస్తుదారుల పేర్లు అంటించారు. పేరు పక్కనే ఆ మాట. అరవం చదవడం వచ్చిన ఎవరో రచ్చలో నలుగురి ముందూ గట్టిగా చదివి, రాజమ్మ అన్న మునిరత్నానికి అర్థం కూడా చెప్పారట. మునిరత్నం నాలుగెకరాల రైతు. మరునాడు పొద్దున్నే చెల్లెల్ని వెంటబెట్టుకుని బ్లాకు ఆఫీసుకు వచ్చాడు. గుమ్మంలోనే అందుకున్నాడు.

"నేను సచ్చినానా మేడం? అన్న అనేవాడు గుండ్రాయి మాదిరి వుండంగా, యెవురూ దిక్కు లేరని గోడకు అంటిస్తారా? ఆరేండ్లుగా యీమెకు, బిడ్లకు కూడు పెడతా వుండాను. యాడన్నా తక్కువ జేసినానా, అడగండి. పేరు కొట్టేయండి. లేదు, వంటకు పోతాననిందంటే, మా గడప తొక్కే పని లేదు."

రాజమ్మ తల వంచుకుని నిలబడింది. అతని మాటలన్నీ మేడంకు అరవంలో చెప్పాల్సింది నేనే. ఆ కాగితం మీద ఉన్నది నా చేతిరాత. విశాలాక్షి గారు మునిరత్నానికి కుర్చీ చూపించి, నా వైపు తిరిగి, "వేలిముద్ర వేసేముందు ఈమెకు ఆ మాట చెప్పావా?" అని అడిగింది. అబద్ధం ఆడదామని ఒక్క క్షణం అనిపించింది. "లేదు మేడం, నవ్వినాను" అన్నాను. ఆమె కేకలెయ్యలేదు. ఎర్రసిరా పెన్ను తీసుకుని దరఖాస్తు మీద అడ్డంగా గీత కొట్టింది. "తెలియక వేసిన ముద్ర ముద్ర కాదు" అంది. తర్వాత కుర్చీ జరుపుకుని, వచ్చీరాని తెలుగులో రాజమ్మనే అడిగింది: "అన్న పెడతాడు. సరే. నీకు ఏమి లేదు? నువ్వు చెప్పు. నీ మాట చెప్పు."

 రాజమ్మ తల ఎత్తింది.

"మా యన్న దేవుడు మేడం. పెడతా వుండాడు, లేదనను. అయితే అడగాల గదా. నా కొడుక్కు పలక పగిలితే అడగాల. తలకు నూనె గావాలంటే మా వొదిన మొగం జూసి, ఆమె బాగుండే పొద్దు జూసుకోని అడగాల. ఇస్తారు. యెప్పుడూ లేదనలే. అడిగేదానికే నాకు ప్రాణం పోతాది."

మునిరత్నం చెల్లెలి వైపు చూశాడు. ఆ మాట అతను మొదటిసారి వింటున్నాడని మాకందరికీ తెలిసింది. పైపంచె భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. విశాలాక్షి గారు కొత్త ఫారం తీసి, ఆదరవు అంటే ఇక్కడ ఏమిటో, దానివల్ల ఇంట్లో ఏం జరగవచ్చో అంతా నాచేత చెప్పించింది. వేరే మాట రాయకూడదా అని రాజమ్మ అడిగింది. రాయకూడదు, అచ్చువేసిన మాట అది. విచారణకు అధికారి వస్తాడనీ, అన్న ఆదరిస్తున్నాడని తేలితే పని వేరే వాళ్ళకు పోతుందనీ కూడా దాచకుండా చెప్పించింది. రాజమ్మ అంతా విని, ఎవరూ పట్టుకోకుండానే తన వేలు తనే అద్దుకుని ముద్ర వేసింది.

విచారణ ఆ ఊరి బడి వసారాలో జరిగింది. అప్పటికి పది రోజులుగా అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవట. వచ్చిన అధికారి అరవాయన, కాస్త చిరాకు మనిషి. ఊరంతా చేరింది. మునిరత్నం ఉతికిన పంచె కట్టుకుని వచ్చి ముందే నిలబడ్డాడు. అతను ఒక్కమాట చెబితే చాలు, రాజమ్మ పేరు పోతుంది. ఊళ్ళో అతని పరువు నిలబడుతుంది. నేను విశాలాక్షి గారి వంక చూశాను. ఈ పది రోజుల్లో ఒక్కసారైనా అతన్ని కలిసి నచ్చజెప్పమని నేను ఎంత బతిమాలినా ఆమె పోలేదు. "అతను ఏం చెబుతాడో నాకూ తెలుసుకోవాలనుంది. నేను పోతే అది నా మాట అవుతుంది" అంది.

అధికారి అడిగాడు. "ఈమెకు ఆదరవు ఉన్నదా?"

మునిరత్నం గొంతు సర్దుకున్నాడు. "లేదు సార్."

"నువ్వు ఈమెకు అన్నవే గదా? నువ్వుండగా లేదంటావేమి?"

"నేనుండాను సార్. ఆదరవు లేదు. రాసుకోండి."

ఊరివాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతను వాళ్ళ వైపు చూడలేదు. కాగితం మీద తెలుగులో సంతకం పెట్టాడు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. రాజమ్మ కొంగు నోట్లో కుక్కుకుని స్తంభం చాటున ఏడుస్తున్నది. నాకూ కళ్ళు ఆగలేదు. ఆ పని ఆమెకే వచ్చింది. అన్నగారి గడప కూడా మూసుకోలేదు.

తిరుగు బస్సులో విశాలాక్షి గారు నోటుబుక్కు తెరవలేదు. "అతను చెప్పింది అబద్ధమే గదా మేడం?" అని అడిగాను. "తెలియదు సరోజా. నేనూ అదే ఆలోచిస్తున్నాను" అంది. తర్వాత, "మీ ఇంట్లో ఎవరు ఎవరిని అడగాలి?" అంది. "మా ఇంట్లో అట్లాంటిది లేదు మేడం. నాయిన పోయినప్పట్నించి నేనే గదా సంపాదిస్తా వుండాను" అన్నాను గబుక్కున. "సరే" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ "సరే" నాకు నచ్చలేదు.

ఇంటికి పోయేసరికి మా అమ్మ వసారాలో చేట పెట్టుకుని బియ్యం ఏరుతున్నది. చెప్పులు కూడా విప్పకుండా, కాస్త పంతంగానే అడిగాను. "అమ్మా, నీకు గావాల్సుండీ నన్ను అడగకుండా వుండేది యేమన్నా వుండాదా?"

అమ్మ వింతగా చూసింది. మళ్ళీ బియ్యంలో వేళ్ళు పెట్టింది. 

"కండ్లద్దాలు గావాల మే. సూదిలో దారం యెక్కీలేక రెండేండ్లాయ. యీ రాళ్ళు గూడా చేత్తో తడిమి యేరతా వుండాను."

రెండేళ్ళు. నెలనెలా జీతం తెచ్చి ఆమె పక్కనే కూర్చుని ఆ అన్నమే తిన్నాను. పంటికి రాయి తగిలితే విసుక్కున్నాను కూడా. "అడిగుండొచ్చు గదమ్మా?" అన్నాను. "నువ్వే అడుగుతావులే అనుకుంటి" అంది తల ఎత్తకుండానే. ఆ శనివారమే తిరుత్తణిలో అద్దాలు చేయించాను. అవి పెట్టుకుని ఆమె ఇరవై ఏళ్ళు బతికింది, ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేను మాత్రం ఈనాటికీ అన్నంలో రాయి తగిలితే ఉమ్మలేను.