మూడోసారి అడుగుతారనుకున్నాను

ఆస్ట్రేలియా దాకా వెళ్ళి పస్తున్నవాడెవడైనా ఉన్నాడా అని అడిగితే, నేనున్నాను. ఒక్కణ్ణే అయితే సరే, మా ఆవిడనీ అమ్మనీ కూతుర్నీ కూడా మాడ్చాను. అదీ నిండుగా వడ్డించిన బల్ల ముందు కూర్చోబెట్టి.

మాది ఏలూరు. కొల్లేరు పక్కన మాకు చేపల చెరువులున్నాయి. వాటిని చూడటానికి ఒకసారి పీటరు, జూలీ అని ఆస్ట్రేలియా రైతు దంపతులు వచ్చి మా ఇంట్లో దిగారు. మర్యాదంటే ఏమిటో చూపించాం. పీటరు చాలు చాలంటూ విస్తరి మీద చేతులు అడ్డం పెడితే, మా అమ్మ ఆయన వేళ్ళ సందుల్లోంచి రొయ్యల ఇగురు వడ్డించింది. వెళ్ళేటప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అభిమానం అనుకున్నాం.

కొన్నాళ్ళకి వాళ్ళు రమ్మంటే మేమూ వెళ్ళాం. సిడ్నీలో అద్దె కారు తీసుకుని పల్లెల మీదుగా వాళ్ళ ఊరికి ప్రయాణం. మా ఆవిడ సుజాత పులిహోర కలిపి పెట్టుకుందామంది.

"ఎందుకే మోత? మన గుండుగొలను దగ్గర హైవే మీద చూడు, అడుగుకో హోటలు. ఇక్కడ మాత్రం ఉండవా?" అన్నాను.

ఉండవు. గంటల తరబడి గొర్రెలు, కంచెలు, మళ్ళీ గొర్రెలు. చివరికి ఒక పెట్రోలు బంకు కనిపించింది.

"ఏవండీ, ఇక్కడేమైనా కొనండి," అంది సుజాత.

"ఇప్పుడు తింటే అక్కడేం తింటాం? అసలు నే చెప్పేది అందరూ వినండి. వెళ్ళగానే భోంచెయ్యమంటారు. వద్దనాలి. మళ్ళీ అడుగుతారు. అప్పుడూ వద్దనాలి. మూడోసారి అడిగితే, మీ మాట కాదనలేక అన్నట్టు కూర్చోవాలి. ఏలూరు పరువు మన చేతుల్లో ఉంది."

"ఈ సంగతి వాళ్ళకి తెలుసా నాన్నా?" అంది మా అమ్మాయి లహరి.

"మర్యాద ఎక్కడైనా మర్యాదే," అన్నాను. అన్నది నేనే, ఒప్పుకుంటున్నాను.

చేరేసరికి బల్ల మీద కాల్చిన కోడి, బంగాళాదుంపలు, ఇంత పెద్ద కేకు. భోంచేద్దామా అంది జూలీ.

"అబ్బే, వద్దండి. దారిలోనే తిన్నాం," అన్నాను.

"అలాగా, సరే," అని ఆవిడ మా నాలుగు కంచాలూ తీసి లోపల పెట్టేసింది. వాళ్ళిద్దరూ హాయిగా తింటుంటే మేం నలుగురం నవ్వు ముఖాలతో చూస్తూ కూర్చున్నాం.

"ఇదేంట్రా, మళ్ళీ అడగదేంటి?" అంది అమ్మ.

"అడుగుతుందమ్మా, కాస్త ఓపిక పట్టు."

పీటరు ఒక కోడి ముక్క తీసి కుక్కకి చూపించాడు. అది ఎగిరి అందుకుంది.

"దాన్ని చూసి నేర్చుకో. ఒక్కసారికే ఒప్పుకుంది," అంది అమ్మ.

టీ వేళకి జూలీ బిస్కెట్ల డబ్బా తెరిచి ముందుకు చాపింది. ఇది రెండోసారి. నా లెక్క ప్రకారం వద్దనాలి కాబట్టి వద్దన్నాను. ఆవిడ మూత పెట్టేసింది. ఆ మూత చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. సుజాత నన్ను చూసిన చూపు సంగతి మీకు చెప్పను, మీ ఇంట్లోనూ చూసే ఉంటారు.

తర్వాత పీటరు మమ్మల్ని తన గొర్రెల దగ్గరికి తీసుకెళ్ళాడు. అవి తీరుబడిగా మేస్తున్నాయి.

"నాన్నా, మనకీ ఆ గడ్డి పడుతుందంటావా?" అంది లహరి.

ఇంటికి రాగానే అమ్మ మూడోసారి కోసం ఆగలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, "ఆకలేస్తోందమ్మా," అని తెలుగులోనే చెప్పి పొట్ట చూపించింది. జూలీకి వెంటనే అర్థమైంది. కోడి, దుంపలు, కేకు అన్నీ తిరిగొచ్చాయి. కోడి, దుంపలు ముక్క మిగల్చకుండా తిన్నాం.

కేకు దగ్గరికి వచ్చాక అడిగేశాను. "ఏమండీ పీటరుగారూ, ఇంకొక్కసారి అడగాల్సింది కదండీ."

పీటరు చెంచా కింద పెట్టాడు. "మీ ఇంట్లో నేను చాలన్నప్పుడల్లా ఇంకో గరిటె పడింది. వెళ్ళేరోజు కారులోకి వంగలేకపోయాను. మీరు వస్తున్నారని తెలియగానే నేనూ జూలీ ఒట్టు వేసుకున్నాం, మన ఇంట్లో వద్దన్నవాళ్ళని మాత్రం బలవంతపెట్టకూడదని," అన్నాడు.

ఆ రోజు ఆయనకి కన్నీళ్ళు ఎందుకొచ్చాయో అప్పుడు తెలిసింది.

కేకు ముక్క చేతిలో పట్టుకుని, అమ్మ సాక్షిగా నేనూ అక్కడే ఒట్టు వేసుకున్నాను. ఇకమీదట ఏ దేశంలోనైనా, ఎవరింట్లోనైనా, మొదటి పిలుపుకే కంచం ముందు కూర్చుంటాను. ఏలూరు పరువు సంగతి ఏలూరే చూసుకుంటుంది.