బషీర్ సార్, మూడు లీటర్ల డీజిల్

డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లు అదేపనిగా బ్రేకు తొక్కితే కారులోకి ఒక మాడువాసన వస్తుంది. ఈ వేళ జగిత్యాల బస్టాండు మలుపులో ఓ కుర్రాడికి కారు నేర్పుతుంటే ఆ వాసన తగిలి బషీర్ సార్ గుర్తొచ్చారు. కోరుట్లలో మా పక్కింటాయన. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. నేనప్పుడు టాక్సీ నడిపేవాణ్ణి, నన్ను మించిన డ్రైవరు లేడనుకునే రకం.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు. బస్సులు బందు, బంకులు బందు. తొలి కాన్పుకు సిరిసిల్లలో పుట్టింటికి వెళ్లిన నా భార్యకు ఆపరేషన్ చేయాలనీ, ఆమె గ్రూపు రక్తం దొరకడం లేదనీ పొద్దున్నే ఫోనొచ్చింది. సార్‌ది అదే గ్రూపు. అడగకముందే వచ్చి కార్లో కూర్చున్నారు. దారి అరవై కిలోమీటర్ల పైమాటే. నా బండికి నాలుగు లీటర్లు కావాలి, ఉన్నవి మూడు.

డీజిల్ అయిపోయేలోపే చేరాలని కారును ఉరికించాను. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ క్షణాన అంతకన్నా తెలివైన ఆలోచన తోచలేదు. మలుపు మలుపుకూ బ్రేకు వేస్తూ పోతుంటే గొర్రెలమంద అడ్డమొచ్చింది. సార్ నన్ను దింపి ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టించారు. చురుక్కుమంది.

"గీ వేడి ఏడికెళ్లి వచ్చింది బేటా? మన డీజిలే. ఉరికిచ్చినవ్, ఆపినవ్, గాలిల కలిపినవ్."

"నా పెండ్లాం పానం మీదికొచ్చింది సార్. గిప్పుడు పాఠమా?"

"గందుకే చెప్తున్న. స్పీడు రెండింతలైతే గాలి నాలుగింతలు అడ్డం పడతది. యాభై దాటకు. అరగంట లేటైతే అయితది, నడిమిట్ల ఆగితే చేరనే చేరం."

పైనున్న సామాను క్యారియర్ కూడా గాలికి అడ్డమేనని విప్పించి, గొర్రెలకాపరికి అప్పజెప్పారు. నాకు ఒళ్లు మండింది. అయినా ఆయన చెప్పినట్టే నడిపాను.

వేములవాడ ఇంకా రాకముందే దూరంగా పొగ కనిపించింది. రోడ్డు మీద రాళ్లడ్డం పెట్టి ఉద్యమకారులు వంటావార్పు చేస్తున్నారు.

"ఎక్సలేటర్ మీదికెళ్లి కాలు తియ్యి. బ్రేకు వద్దు, గట్లనే పోనియ్యి," అన్నారు సార్. కారు తనంతట తానే నెమ్మదిస్తుంటే తల బయటపెట్టి, "రక్తమియ్యనీకి పోతున్నం!" అని అరిచారు.

"జల్ది రాళ్లు తియ్యిర్రి!" అంది అన్నం కలుపుతున్న ఒకావిడ. కారు ఆగకుండానే దాటేసింది.

సిరిసిల్ల చేరాం. ఆపరేషన్ అయింది, తల్లీబిడ్డా దక్కారు. రక్తమిచ్చి పడుకున్న సార్ చెయ్యి పట్టుకుని సిగ్గువిడిచి ఏడ్చాను.

"మీ లెక్క తప్పితే ఏం చేసేటోళ్లు సార్?"

"దిగి ఉరికేటోణ్ణి," అని నవ్వారు. అరవై దాటిన మనిషి. నిజంగానే ఉరికేవారు.

ఆయన పోయి చాన్నాళ్లయింది. ఇప్పటికీ ఏ ఆపద ముంచుకొచ్చినా ముందు నా కుడికాలు నెమ్మదిస్తుంది. ఆ తర్వాతే నేను.