మియాకో సొంత గొంతు

ఇవావోగారి భార్య మియాకో గొంతు ఎరగని ఇల్లు జపాన్‌లో లేదు. తమాషా ఏమిటంటే, అది ఆమె గొంతు కాదు. వారపత్రికలో వచ్చి దేశాన్ని ఒక ఊపు ఊపిన నింజాల బొమ్మల కథను కార్టూన్‌గా టీవీకెక్కించినప్పుడు, అందులో అల్లరి పిల్లాడు ముకుమారుకి మియాకో గొంతిచ్చింది. మగపిల్లలకు ఆడవాళ్లు గొంతివ్వడం అక్కడ మామూలే. జలుబు చేసిన కాకిలా ఆమె "వచ్చేశానోచ్!" అని అరిస్తే, దేశంలో పిల్లలంతా అరిచేవారు.

ఇంటికొస్తే మాత్రం మౌనవ్రతమే. మెడకు మఫ్లరు, నోట్లో తేనెబిళ్ళ. అవసరమైతే ఒక మాట, లేదంటే సైగ. సిటీ బస్సు నడిపిన ఇవావోకీ మాటలు తక్కువే. వీడియో తీయబోతే, "రోజంతా మైకు ముందు చచ్చాను, ఇంట్లో కూడానా?" అని మొహం తిప్పుకునేది. ఆయన ఊరుకునేవాడు. మనిషి ఎదురుగా ఉండగా గొంతు దాచుకోవాలని ఎవరికి తోస్తుంది?

ఆమె పోయాక తెలిసొచ్చింది. టీవీ పెడితే ముకుమారు. బీరువా నిండా ఉన్న డిస్కుల్లోనూ వాడే. "టీ చల్లారిపోతోంది" అని ఆమె గొంతుతో ఒక్కసారి వినపడితే చాలని ఆయన ప్రాణం కొట్టుకునేది.

ఇంతలో కొత్త సినిమా మొదలైంది. ముకుమారుకి గొంతివ్వబోయే మినోరి అనే అమ్మాయి, పద్ధతి ప్రకారం చిక్కుడుగింజల మిఠాయి పట్టుకుని పెద్దావిడ ఫొటోకి దణ్ణం పెట్టుకోవడానికి వచ్చింది.

"పాత గొంతు పోయింది, కొత్తది దిగిందన్నమాట. రా అమ్మాయ్, రా," అన్నాడు ఇవావో పుల్లవిరుపుగా.

మినోరి అగరొత్తి వెలిగించింది. "ఆవిడ అనుమతి అడుగుదామని వచ్చానండీ."

"అడుగు. నీకైనా బదులు చెబుతుందేమో! నాకైతే చెప్పడం లేదు." అంతలోనే ఆయన ఫొటో వైపు తిరిగాడు. "ఆమె ఎలా మాట్లాడేదో మర్చిపోతున్నానమ్మా."

"గుంపుల్లో వెతికారా?" అంది మినోరి.

"ఏ గుంపుల్లో?"

"కథలో సంతలూ, జాతరలూ వస్తాయి కదండీ. ఆ గోలకి వేరే మనుషుల్ని పిలవరు. హీరోలకి గొంతిచ్చేవాళ్లతో సహా అందరం మైకు చుట్టూ చేరి నోటికొచ్చింది మాట్లాడతాం. అక్కడ ముకుమారు గొంతు వినబడితే తిట్లే. సొంత గొంతే వాడాలి."

అప్పటిదాకా ఒక్క భాగమైనా పూర్తిగా చూడని మనిషి టీవీకి అతుక్కుపోయాడు. యుద్ధాలన్నీ దాటేసి, చేపల దుకాణాల దగ్గరా పండగ వీధుల్లోనూ ఆగేవాడు. "ముసలాయనకి నింజా పిచ్చి పట్టింది," అని పక్కింటావిడ నవ్వింది. నవ్వితే నవ్వనీ. ఎన్ని గుంపులు విన్నా ఆమె జాడ లేదు. ఈ మహాతల్లి అక్కడ కూడా నోరు కట్టేసుకుందేమోనని ఆయనకి ఒళ్ళు మండింది కూడా.

ఒక మధ్యాహ్నం తెరమీద ముకుమారు పైకప్పుల మీదుగా పరుగెడుతున్నాడు. కింద వీధిలో జనం. ఆ గోల మధ్య నుంచి ఎవరో మెల్లగా అన్నారు.

"ఏవండీ, వానొచ్చేట్టుంది. బట్టలు తీయండి."

"ఆఁ, తీస్తున్నా," అంటూ లేచాడు ఇవావో. గబగబా బాల్కనీ తలుపు తీసి చేతులు చాపాడు.

బయట ఎర్రటి ఎండ. తీగ మీద ఒక్క బట్టయినా లేదు. ఆయనకి దుఃఖం పొంగుకొచ్చింది. చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. కాసేపటికి లోపలికి తిరిగి, ఆమెకి వినబడేలా చెప్పాడు.

"తీసేశాలే."