మేడతో పాటు రాని తాత

మా ముత్తాత ఊరి మునసబు. మా తాత తాలూకా బోర్డు సభ్యుడు, ఊళ్ళో హైస్కూలుకు స్థలం రాసిచ్చినవాడు. కొల్లేటి లంకల్లో తగవులొస్తే దోనె కట్టించుకుని వెళ్ళి తీర్చి వచ్చేవాడు. మా నాన్న మూడుసార్లు ఎన్నికల్లో నిలబడి మూడుసార్లూ ఓడారు. ఆ తర్వాత నేను ఆకివీడులో ఒక చేపల మేత కంపెనీలో ఆఫీసు మేనేజరుగా చేరాను. ఇది చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

కంపెనీ యజమాని తండ్రి మా తాత దోనె నడిపినవాడే. మేం అమ్మిన తాత మేడను కొన్నది కూడా ఈ యజమానే.

రెండు వేల మూడులోనో నాలుగులోనో ఆయన డీలర్లందరికీ తాడేపల్లిగూడెంలో ఒక హోటల్లో విందు ఇచ్చారు. చెరువు నీటి గురించి మాట్లాడటానికి ఏలూరు నుంచి చేపల శాఖలో రిటైరైన ఆఫీసరు వచ్చారు. యజమానినీ ఆ ఆఫీసరునూ సభకు పరిచయం చేసే పని నాది. మా వైపు పరిచయమంటే ఫలానావారి అబ్బాయి, ఫలానావారి మనవడు అని మొదలుపెట్టాలి. లేకపోతే తక్కువ చేసినట్టు.

యజమాని బావమరిది ఆయన పరిచయం రాసిన కాగితం తెచ్చి ఇచ్చాడు.

"ఏవండీ, ఉన్నదున్నట్టు చదివెయ్యండి చాలు."

చదివాను. "హైస్కూలుకి స్థలమిచ్చింది వీరి తాతగారని రాశారేంటండీ?"

"మరి ఆ మేడ ఇప్పుడు బావగారిదే కదండీ."

"మేడ అమ్మామండీ. తాతను అమ్మలేదు."

అతను నవ్వాడు. "అబ్బ, ఎవరడుగుతారండీ! వచ్చినోళ్ళంతా మేతల డీలర్లు. రేపు పొద్దున్న మీరు ఆఫీసులో కూచోవాలి కదా, అది చూసుకోండి."

చూసుకున్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

అతిథిగా వచ్చిన ఆఫీసరు తన గురించి ఒక చీటీ మీద రెండే ముక్కలు రాసిచ్చారు: ముప్పయ్యేళ్ళ ఉద్యోగం, చెరువులంటే ఇష్టం. అవే చదివాను. తర్వాత యజమాని వైపు తిరిగాను.

"వీరి తండ్రిగారు కొల్లేటిలో దోనె నడిపారు. ఆ దోనెలో మా తాత కూర్చున్నారు. వీరు ఆకివీడు స్టేషన్లో చేపల బుట్టలు మోశారు. తర్వాత లారీ కొన్నారు, ఐసు ఫ్యాక్టరీ పెట్టారు, ఈ కంపెనీ పెట్టారు. ఇందులో ఏ తాతగారి చెయ్యీ లేదు. హైస్కూలుకు స్థలమిచ్చింది మాత్రం మా తాత."

నేనన్నదాంట్లో గౌరవమెంత, పొగరెంత అని తర్వాత చాలామంది అడిగారు. రెండూ ఉన్నాయి. ఒక్క అబద్ధమూ లేదు.

యజమాని లేచి భుజం మీది శాలువా సర్దుకున్నారు.

"నిజమేనండీ. మా నాన్న దోనె తోసేవాడు. వీళ్ళ తాతగారు కాలు కదపకుండా కూచునేవారంట. అలా కూచోవడం ఆ ఇంట్లో అందరికీ వచ్చండి!"

హాలంతా గొల్లుమంది. నేను మైకు ఆయన చేతికిచ్చి, వెళ్ళి అతిథి పక్కన కూర్చున్నాను. ఉపన్యాసం అయింది, వడ్డన మొదలైంది. విస్తరి ముందు నుంచి లేచిపోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. నేనూ లేవలేదు.

అతిథి నా వైపు వంగారు. "ఉద్యోగం ఉంటుందాండీ?"

"ఉండదండీ."

"అయితే ఇంకో రెండు చేప ముక్కలు వేయించుకోండి."

వేయించుకున్నాను.

మర్నాడు ఎవరూ పొమ్మనకముందే బీరువా తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆ కాగితం చదివి ఉంటే ఆ కుర్చీ నాకు ఉండేదేమో. మళ్ళీ అడిగినా చదవను.

తర్వాత రెండేళ్ళు నాకు పని దొరకలేదు. కలిదిండిలో మాకు మిగిలిన ఎకరన్నర చేను చేపల చెరువు తవ్వుకునేవాళ్ళకు అమ్మాం.