పసుపు కింద ఎర్రచుక్కలు

పసుపు డబ్బా ఇంట్లో ఉంటే మా అత్తమ్మకు డాక్టరుతో పని లేదు. వేలు తెగినా పసుపే, గొంతు నొప్పికీ పసుపే. ఆర్మూర్ మార్కెట్ యార్డుకు అమ్మకానికి పోయే పంటలోంచి మంచి కొమ్ములు ఏరి, పొడి పట్టించి దాచుకునేది. పెద్దల మాట చద్దిమూట అంటారు. ఆమె మూటలో ఎప్పుడూ పసుపే ఉండేది.

ఆ వానకాలం ఆమెకు జ్వరం వచ్చింది. ఆర్మూర్‌లో ఒక చిన్న దవాఖానలో రక్తం పరీక్ష చేసి డెంగీ అన్నారు. నీళ్లు బాగా తాగించమని, నీరసం పెరిగినా రక్తం కనిపించినా వెంటనే తీసుకురమ్మని చెప్పి పంపారు. ఐదో రోజు ఒళ్లు చల్లబడింది. ఇంటిల్లిపాదీ గండం గడిచిందనుకున్నాం.

ఆ సాయంత్రం, "కాళ్లు గుంజుతున్నయే, జర నూనెల పసుపు కలిపి రాయి" అంది. చీర పైకి జరిపితే పిక్కల మీద సన్నటి ఎర్రచుక్కలు కనిపించాయి. దోమకాట్లేమో అనుకున్నాను. నిజానికి అంత ఆలోచన కూడా చేయలేదు, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. మోకాళ్ల దాకా దట్టంగా పట్టించి లేచిపోయాను.

తెల్లారేసరికి ఆమె చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. నేనూ మా ఆయనా దవాఖానకు తీసుకుపోయాం. నర్సు కాళ్లు తుడిచింది. పసుపు పోయి చుక్కలు తేలాయి, నిన్నటికంటే ఎక్కువ.

రక్తాన్ని గడ్డకట్టించే కణాలు ఈ వైరస్ వల్ల పడిపోతాయనీ, సన్నని రక్తనాళాలు కూడా దెబ్బతిని రక్తం చర్మం కిందికి చేరుతుందనీ డాక్టర్ చెప్పాడు.

"జ్వరం దిగినంక రెండు దినాలే అసలు భయం. గీ చుక్కలు ఎప్పటి సంది ఉన్నయమ్మా?"

మా ఆయన నా వైపు చూశాడు. భయమేసింది, అంతకంటే ఎక్కువ సిగ్గేసింది.

"ఇయ్యాల్నే సార్" అన్నాను.

"అయితే ఇక్కడ్నే సెలైన్ పెట్టి సాయంత్రం దాక చూద్దాం" అని డాక్టర్ కాగితం మీద రాయబోయాడు.

అత్తమ్మ చిగుళ్లకు నర్సు పెట్టిన దూదిని నోట్లోంచి తీసింది.

"నిన్నటియే సారూ. చీకట్ల కోడలికి కనవడలే. పసుపు నేనే రాయమన్న."

"నిన్నటియైతే రాత్రంత లోపల రక్తం కారినట్టే. ఇక్కడ ఆగొద్దు, నిజామాబాద్ పోవాలె" అని డాక్టర్ వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు. అక్కడ ఆమెకు ఆ కణాలు ఎక్కించారు. వారానికి ఇంటికొచ్చింది.

పసుపు రాసిన ఆ సాయంత్రం చీకటేమీ లేదు. లైటు మా ఇద్దరి నెత్తిమీదే వెలుగుతోంది. నేను ఆ చుక్కలను చూడటం ఆమె చూసింది.