మా మనవడి అరికాళ్ళు

కేసముద్రం దగ్గర మా ఊళ్ళో పన్నెండేళ్ళుగా ఆశా కార్యకర్తగా పనిచేస్తున్నాను. పసిపిల్లలకు కామెర్లొస్తే చూడగానే పట్టేస్తానని నాకు గట్టి ధీమా.

మొన్న వానాకాలంలో నా కూతురు కాన్పుకు వచ్చింది. మనవడికి రోజూ నూనె, పసుపు రాసి నేనే నీళ్ళు పోసేదాన్ని. ఆరో రోజు కూతురు, “అమ్మా, బాబు పచ్చగ కనవడుతుండు. పాలు గూడ సరిగ తాగుతలేడు” అంది.

“పసుపు రాసిన గదనే, పరేషాన్ కాకు” అని కసిరాను.

కాసేపటికి తనే బాబు కాళ్ళెత్తి చూపిస్తూ, “అరికాళ్ళకు గూడ రాసినవా?” అని అడిగింది.

గిలిగింతకు తన్నుతాడని అరికాళ్ళు నేనెప్పుడూ ముట్టనే లేదు. అవీ పచ్చగానే ఉన్నాయి.

వెంటనే ఆటోలో మహబూబాబాద్ దవాఖానకు పరుగెత్తాం. ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని తీసుకెళ్తుంటాను కాబట్టి అక్కడి నర్సు నవ్వుతూ, “అక్కా, ఇయ్యాల ఎవరి బిడ్డను తెచ్చినవ్?” అంది. “నా మనుమడే” అన్నాను, తలెత్తకుండా.

మూడు రోజులు నీలి లైట్ల కింద ఉంచాక బాబు కోలుకున్నాడు.

నా ధీమా ఇప్పటికీ తగ్గలేదు. కాకపోతే ఏ ఇంటికి వెళ్ళినా ముందు బిడ్డ అరికాళ్ళు చూస్తాను. తల్లి చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మెదపను.