విప్పని డబ్బాలు

ఇబ్రహీంపట్నం బస్సు డిపోలో బాలస్వామి పేరెత్తితే పాత కండక్టర్లు ఇప్పటికీ "చుక్క ముట్టని మనిషి" అంటారు. పొద్దున డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్లంతా తాగలేదని రుజువుకు గొట్టంలో ఊదాలి. మిగతావాళ్లు విసుక్కుంటూ ఊదితే, బాలస్వామి ఛాతీ విరుచుకుని ముందుకొచ్చేవాడు. ఎల్‌బీనగర్ దారిలో ఏళ్ల తరబడి బస్సు నడిపాడు. బొంగులూరు గేటు దగ్గర కాలేజీ పిల్లలు, తుర్కయాంజాల్‌లో కూరగాయల గంపలవాళ్లు వేరే బస్సు వచ్చినా వదిలేసి అతని బస్సు కోసం ఆగేవాళ్లు.

ఒక ఎండాకాలం ఎదురుగా వచ్చే లైట్ల చుట్టూ అతనికి రంగుల వలయాలు కనిపించసాగాయి. కంటి నరం దెబ్బతిన్నదని పరీక్షలో తేలింది. చుక్కల మందు వేసుకుంటే ఉన్న చూపు నిలుస్తుంది గానీ, ఇక స్టీరింగు పట్టకూడదన్నారు. ఉద్యోగమైతే పోలేదు. డిపో గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"దేవుడు సల్లగ చూసిండు. ఇంక ఫికర్ దేనికి?" అంది భార్య భవాని.

అవునన్నాడు బాలస్వామి. కానీ బస్సు గేటు దాటి రోడ్డెక్కిన ప్రతిసారీ తనను దింపేసి పోతున్నట్టే ఉండేది.

గేటు దగ్గర పొద్దు పోవడానికి ఫోన్ చూడటం మొదలుపెట్టాడు. మొదట కొన్నది ఒక టార్చిలైటు. అవసరమైన వస్తువే. అయితే కొన్నాక అది ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్ చెబుతుంటే అతనికి మహా హుషారుగా అనిపించింది. గోదాములో బండెక్కిందట, తుక్కుగూడ దాటిందట, ఊళ్లోకి వచ్చేసిందట. పార్సిళ్లు తెచ్చే అసద్ వీధి మలుపు నుంచే ఫోన్ చేసేవాడు.

"కాకా, నీ సామాన్ వచ్చింది. ఇంట్లనే ఉన్నవా?"

ఆ మాట వింటే చాలు, బాలస్వామి చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి వచ్చేవాడు. డబ్బా చేతికి అందేదాకా ఆ సంబరం ఉండేది. విప్పి చూశాక ఎందుకో చల్లారిపోయేది. మళ్లీ ఫోన్ తీసేవాడు. గోడకు రంధ్రాలు వేసే మిషను, కూరగాయలు తరిగే పెట్టె, కారు లేని ఇంటికి కారు తుడిచే బ్రష్షులు. కొన్నాళ్లకు విప్పడం కూడా మానేశాడు. డబ్బాలు వచ్చినవి వచ్చినట్టే వెనక గదిలోకి పోయేవి. భవాని అడిగితే "డిపోల దోస్తులవి, అడ్రసు మనది ఇచ్చిన్రు" అనేవాడు. ఇక కొననని తనలో తాను ఒట్టు పెట్టుకునేవాడు కూడా. ఆ ఒట్టు డిపోలో ఎవరో ఒక్క మాట అనేదాకానో, ఊరికే కూర్చుని దిగులు కమ్మేదాకానో నిలిచేది.

కూతురు మనోజ పురిటికి వస్తానన్నప్పుడు ఇదంతా బయటపడింది. ఎప్పుడూ మూసే ఉండే వెనక గది సర్దుదామని భవాని తలుపు తీస్తే సగం తెరుచుకుని ఆగిపోయింది. లోపల డబ్బాలు తలుపుకు అడ్డంగా పడి ఉన్నాయి. సందులోంచి దూరి చూసింది. మంచం ఎక్కడుందో కనబడలేదు.

సాయంత్రం అతను రాగానే చేయి పట్టుకుని గది దగ్గరికి తీసుకుపోయింది.

"ఏందయ్యా ఇవన్ని? ఎవలికి?"

"పనికొస్తయని తెచ్చిన."

"పనికొచ్చేటియైతే విప్పకుంట ఎందుకు పెట్టినవ్?"

ఆమె కేకలు వేసి ఉంటే బాలస్వామీ కేకలేసేవాడేమో. ఆమె గడప మీద కూలబడి, "నాతోని అబద్ధం చెప్తవనుకోలే" అని మాత్రం అంది. అతను పక్కనే చతికిలబడ్డాడు.

"నాకు సుత తెల్వది భవాని. కొనేదాంక పానం ఆగది. కొన్నంక అటు దిక్కు చూడబుద్ధి కాదు."

మనోజ వచ్చాక ఈ సంగతి విని తండ్రిని నిలదీయలేదు. "బాపు, ఇది బుద్ధి తక్కువతనం కాదు. దీనికి సుత డాక్టర్లుంటరు, పోదాం" అని బయల్దేరదీసింది. పిచ్చి దవాఖానకు తనెందుకని బాలస్వామి మొదట బిగుసుకున్నాడు. నిండు చూలాలు ఎండలో చెప్పులేసుకుని నిలబడేసరికి కాదనలేకపోయాడు.

డాక్టరమ్మ తొందర లేకుండా అంతా విని ఒక్కటే అడిగింది.

"ఏ గడియ మస్తు సంతోషమైతది? కొనేముందా, డబ్బా విప్పినంకనా?"

"విప్పినంక ఏముంటది మేడం? వస్తదని చూసేటప్పుడే."

"అదే వ్యసనం. మీకు వస్తువు మీద మోజు లేదు. ఆ ఎదురుచూపు మీద ఉంది. మనసుకు కష్టమైనప్పుడల్లా అది గావాలనిపిస్తది. రాను రాను ఎంత కొన్నా చాలది. తాగేటోళ్లకైనా గిట్లనే మొదలైతది."

బాలస్వామి ముఖం మాడిపోయింది. "నేను చుక్క ముట్టనోణ్ణి మేడం. తాగుబోతోని లెక్క చెప్తున్నరు."

"తప్పు చేసిన్రని అంటలేను. జబ్బని చెప్తున్న. సిగ్గుపడి దాస్తే పెరుగుతది. ఇంట్ల చెప్పుకుంటే తగ్గుతది. డ్యూటీ మార్చినంక మీకు ఎట్లనిపించిందో ఎవరికన్న చెప్పిన్రా?"

అతను తల అడ్డంగా ఊపాడు. బస్సు దిగిన రోజు గురించి మొదటిసారి ఆ గదిలోనే నోరు విప్పాడు. చెబుతూ చెబుతూ భుజం మీది తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. మనోజ తండ్రిని అలా ఎన్నడూ చూడలేదు.

తర్వాత చేయాల్సినవి పెద్ద పనులేం కావు, కానీ కష్టమైనవి. కొనే యాప్‌లన్నీ తీసేశారు. బ్యాంకు కార్డు భవాని దగ్గరికి పోయింది. ఏదన్నా కొనాలనిపిస్తే ముందు ఆమెకు చెప్పాలి, ఒక రోజు ఆగాలి, ఆ రోజు దిగులు దేనికో ఆలోచించాలి. మొదట్లో చేతులు ఊరికే జేబులో ఫోన్ తడుముకునేవి. మొదటి వారమంతా అయినదానికీ కానిదానికీ కసురుకున్నాడు.

ఆదివారం ముగ్గురూ కూర్చుని డబ్బాలు విప్పారు. టార్చిలైట్లే ఒక వరస తేలాయి. కొన్ని ఎప్పుడు కొన్నాడో అతనికే గుర్తు లేదు. చేప పొలుసు గీకే కత్తి బయటికి రాగానే భవాని నడుం మీద చేయి వేసుకుంది.

"మనింట్ల చాపలు తినేటోళ్లెవలయ్యా?"

మనోజ కడుపు పట్టుకుని నవ్వింది. బాలస్వామికీ నవ్వొచ్చింది, వెంటనే కళ్లూ తడిశాయి. వాపసు పోయేవి పోయాయి. మిగిలినవి చుట్టుపక్కల ఇళ్లకు, డిపో విశ్రాంతి గదికి పంచిపెట్టారు.

అంతటితో అయిపోలేదు. మనుమరాలు పుట్టిన వారం అసద్ మళ్లీ వాకిట్లో నిలబడ్డాడు. ఉయ్యాల, గిలకలు, నడక కూడా రాని పిల్లకు మూడు చక్రాల సైకిలు. తోటి ఉద్యోగి ఫోన్ అడిగి, సామాను వచ్చాక డబ్బు కట్టేలా తెప్పించాడు బాలస్వామి. ఈసారి మాత్రం డబ్బాలు దాచలేదు. నేరుగా వంటింట్లోకి పోయాడు.

"భవాని, మళ్ల చేసిన."

ఆమె పొయ్యి కట్టేసి అతని వైపు తిరిగింది. "చెప్పినవ్ గద. ఉయ్యాల ఉంచుకుందాం, కడమవి పంపిద్దాం. రేపు డాక్టరమ్మ తాన పోదాం" అంది.

డాక్టరమ్మ కూడా కోప్పడలేదు. జారడం మామూలేనని, చెప్పడమే ముఖ్యమని అంది. ఆ మాట పట్టుకుని బాలస్వామి నెట్టుకొచ్చాడు. సాయంత్రాలు పెద్ద చెరువు కట్ట మీదికి నడకకు పోసాగాడు. పాత కండక్టరు కాశయ్య తోడయ్యాడు. బస్సు కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఒకప్పుడు నొప్పి పుట్టించిన ఆ కబుర్లు మెల్లగా తీపెక్కాయి.

దసరా ముందు ఎటు చూసినా సగం ధర ప్రకటనలే. అప్పుడే బాలస్వామి చెప్పు తెగింది. భవానిని వెంటబెట్టుకుని బజారుకు పోయాడు. దుకాణంలో కూర్చుని, కాలికి తొడిగి, నాలుగడుగులు వేసి చూసి ఒక జత తీసుకున్నాడు. బయటికొచ్చి రోడ్డు దాటబోతూ ఆగాడు.

"భవాని, ఇంకో జత సుత తీస్కుందామని గుంజుతుంది."

"గుంజితే గుంజనీ. నాకు చెప్పినవ్, అయిపాయె. నడువు."

నడిచాడు. కొత్త తోలు మడమ దగ్గర కాస్త కొరుకుతోంది. మాటల్లో పడి ఇల్లు చేరేసరికి ఆ సంగతే మరిచిపోయాడు.